ఆకులోనూ కారం జన్యువు ఉంటుంది: జీన్ ఎక్స్‌ప్రెషన్‌పై అపోహలు - వాస్తవాలు

మొక్కల జన్యువుల మీద పనిచేస్తానంటే చాలు, గుంటూరులో ఎవరైనా మిర్చి గురించే అడుగుతారు. సరే, అక్కడి నుంచే జీన్ ఎక్స్‌ప్రెషన్‌కి, అంటే ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పనిచేస్తుందన్న సంగతికి వద్దాం.

అపోహ: కారం జన్యువు కాయలోనే ఉంటుంది.

వాస్తవం: వేరు, ఆకు, పువ్వు, కాయ అన్నిటి కణాల్లోనూ ఉండేది ఒకే డీఎన్ఏ. కారానికి కీలకమైన పన్1 జన్యువు ఆకులో ఉన్నా అక్కడ దానికి దాదాపు పని ఉండదు. పచ్చికాయను నిలువునా చీరి చూడండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండ కనిపిస్తుంది. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ ప్రధానంగా తయారయ్యేది అక్కడే. గింజలకు ఘాటు వచ్చేది ఆ కండ రాసుకోబట్టే. కాయ పచ్చిగా ఉండగానే కారం జన్యువులు పని మొదలుపెడతాయి. ఎరుపునిచ్చే సీసీఎస్ జన్యువు మాత్రం కాయ పండే వేళకు గానీ జోరందుకోదు. రంగూ కారమూ వేర్వేరు జన్యువుల పని కాబట్టి, ఎర్రగా నిగనిగలాడే బ్యాడిగి కాయ మన నోటికి చప్పగా అనిపించడంలో వింతేమీ లేదు. క్యాప్సికంలో అయితే పన్1 ముందుభాగమే ఎగిరిపోయింది.

అపోహ: రెండు జన్యువుల పని కలిసి పెరిగితే ఒకటి రెండోదాన్ని నడుపుతున్నట్టే.

వాస్తవం: రెండింటినీ మూడోదేదో నడుపుతుండొచ్చు. ఒకదాన్ని ఆపి చూస్తేనే తేలుతుంది. 2005లో పన్1 పాత్రను నిర్ధారించినప్పుడు కూడా వైరస్ సాయంతో దాన్ని అణచి, కారం తగ్గిందని చూపించారు.

అపోహ: హీట్‌మ్యాప్‌లో (జన్యువుల పనిని రంగుల్లో చూపే పట్టికలో) ఎరుపంటే జన్యువు బాగా పనిచేస్తున్నట్టు.

వాస్తవం: సాధారణంగా ఒక్కో వరుసకూ, అంటే ఒక్కో జన్యువుకూ, దాని సగటును బట్టే రంగు వేస్తారు. పై వరుస ఎరుపూ కింది వరుస ఎరుపూ ఒకే మోతాదని అనుకోవద్దు. ప్రాజెక్టు పిల్లలు రంగుల సూచిక చూడకుండానే కథలు అల్లేస్తుంటారు.

అపోహ: జన్యువు నకలుగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ రెట్టింపైతే, దాన్ని బట్టి తయారయ్యే ప్రొటీనూ రెట్టింపే.

వాస్తవం: తప్పనిసరేం కాదు. తయారైన ప్రొటీన్ ఎంత త్వరగా విరిగిపోతుందో కూడా చూడాలి.

అపోహ: శాంపిల్ ఎప్పుడు, ఎలా తెచ్చినా ఒకటే.

వాస్తవం: నా లెక్కలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. మార్చి ఎండలో లాం వైపు చేలో ఆకు తుంచి, కవర్లో వేసుకుని బండి మీద ల్యాబ్‌కి వస్తే, వేడికీ గాయానికీ స్పందించే జన్యువులు దారిలోనే లేచి కూర్చుంటాయి. తెగులు ప్రభావం కొలుద్దామనుకుని బండి ప్రయాణాన్ని కొలుస్తాం. ఆకును చేలోనే, వెంటనే గడ్డకట్టించే లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచేయాలి. పైగా మొక్కల్లో చాలా జన్యువులు పొద్దును బట్టి హెచ్చుతగ్గులవుతాయి. మంచి మొక్కల ఆకులు పొద్దున్నే కోసి, తెగులు మొక్కల దగ్గరికి భోజనాలయ్యాక వెళ్తే ఏ తేడా దేనివల్లో చెప్పలేం. రెండు రకాల ఆకులూ ఒకే వేళ, మార్చి మార్చి కోయండి.