న్యూట్రాన్లతో అయస్కాంతాల లోపలికి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆవేశం లేని న్యూట్రాన్‌కు అయస్కాంతత్వం ఎలా తెలుస్తుంది?

ఆవేశం లేదు గానీ, అయస్కాంత భ్రామకం ఉంది. పదార్థంలోని జత లేని ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణం) దాన్ని దారి మళ్లిస్తుంది. అసలు సొగసు మరోచోట ఉంది: నమూనాను తాకి బయటికొచ్చిన న్యూట్రాన్ శక్తి ఎంత మారిందో చూసి, లోపలి స్పిన్ల కదలికలు తెలుసుకుంటాం. 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం ఉన్న న్యూట్రాన్ శక్తి సుమారు 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. అదే తరంగదైర్ఘ్యంతో ఎక్స్-కిరణం తీసుకుంటే దాదాపు 7 వేల ఎలక్ట్రాన్ వోల్టులు! అంత శక్తిలో ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు తేడా పట్టడం గగనమే.

అపోహ: సేంద్రియ అణువులు కలిసిన అయస్కాంతాలు బలహీనం, పనికిరానివి.

వనాడియం-టెట్రాసయనోఇథిలీన్ గది ఉష్ణోగ్రతలోనూ అయస్కాంతమేనని 1991లోనే తేలింది. 2020లో వెలువడిన క్రోమియం-పిరజీన్ పదార్థం 515 కెల్విన్ల దాకా నిలిచింది. అయినా వీటిలో చాలావాటికి స్పిన్ల మధ్య బంధం బలహీనమేనని ఒప్పుకుంటాను. నాకు నచ్చేదీ అదే. కాపర్ పిరజీన్ నైట్రేట్‌లో ఆ బంధం సుమారు 0.9 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. కాబట్టి 14 టెస్లాల క్షేత్రంతో స్పిన్లన్నిటినీ ఒకే దిశకు తిప్పేయవచ్చు. అలా తిప్పాక లెక్క సులువవుతుంది, బంధం విలువ నేరుగా చదువుకోవచ్చు. కాపర్ ఆక్సైడ్లలో ఇలా చేయాలంటే వేల టెస్లాలు కావాలి.

అపోహ: హైడ్రోజన్ ఉంటే ప్రయోగం కుదరదు.

సగం నిజం. హైడ్రోజన్ న్యూట్రాన్లను అన్ని వైపులకూ అసంబద్ధంగా చెదరగొట్టి సంకేతాన్ని మసకబారుస్తుంది. ఆ చెదరగొట్టే అవకాశాన్ని తెలిపే కొలత, మధ్యచ్ఛేదం, సుమారు 80 బార్న్‌లు; దాని బరువైన రూపం డ్యుటీరియంకు 2 మాత్రమే. అందుకే హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం పెడతాం. నా తొలి నమూనాలో ఈ మార్పిడి చేయలేదు. మూడు రోజుల బీమ్ సమయానికి (న్యూట్రాన్ పుంజం వాడుకోవడానికి ఇచ్చిన గడువుకు) దక్కింది పనికిరాని నేపథ్య సంకేతాల గుట్ట! ఇప్పుడు ముందే మార్పిస్తాం. అయితే డ్యుటీరియం చేరితే హైడ్రోజన్ బంధాలు కాస్త మారవచ్చు, కాబట్టి అయస్కాంత గుణాలను మళ్లీ కొలిచి చూసుకోవాలి.

అపోహ: కొలతల గ్రాఫులో కనిపించిన ప్రతి శిఖరమూ స్పిన్ తరంగమే (స్పిన్ల వరుసలో అలలా సాగే కదలికే).

కాదు. మిథైల్ సమూహాల భ్రమణం, అణువుల ఊగిసలాట కూడా అదే శక్తుల్లో తగులుతాయి. మొదట చూసేది తరంగ సదిశ (న్యూట్రాన్ చెదిరినప్పుడు దాని ద్రవ్యవేగం ఎంత మారిందో తెలిపే రాశి) మీద ఆధారపడే తీరు: అది పెరిగేకొద్దీ అయస్కాంత సంకేతం తగ్గుతుంది, కంపనాలది పెరుగుతుంది.

అపోహ: కొలతల్లో పదునైన రేఖ లేకపోతే నమూనా చెడ్డదే.

ఇదే నాకు ఎక్కువ చిరాకు. ½ స్పిన్ గొలుసుల్లో (½ విలువ గల స్పిన్లు ఒకే వరుసలో ముడిపడిన పదార్థాల్లో), కాపర్ పిరజీన్ నైట్రేట్ సహా, న్యూట్రాన్ ఒక స్పిన్‌ను తిప్పితే ఆ కదలిక రెండు ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది; ఆ ముక్కలనే స్పినాన్లు అంటారు. శక్తిని రెండూ పంచుకుంటాయి, అందువల్ల రేఖకు బదులు వెడల్పైన మేఘం కనిపిస్తుంది. మంచి స్ఫటికాన్ని చెడ్డదనుకుని పక్కన పెట్టేసినవారిని చూశాను.