కాలవ నీళ్లు, హాస్టల్ అన్నం

గోదావరి డెల్టాలో బడులు తెరిచేది జూన్‌లో. సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్పులు ముమ్మరమయ్యేది జూలైలో. కూలి ఇంట్లో పదేళ్ల పిల్ల బడికి వెళ్తుందా, చంటిబిడ్డను చూసుకుంటూ ఉండిపోయి తల్లిని నాట్లకు పంపుతుందా అన్నది ఏటా ఈ రోజుల్లోనే తేలిపోతుంది. చదువు పేదరికాన్ని పోగొడుతుందని అందరం అంటాం. గోదావరి డెల్టా చరిత్ర చూస్తే ఆ మాట నిజమే. కానీ బడి కట్టినచోటల్లా అది నిజం కాలేదు. బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లల తిండి భారం ఇంకెవరైనా మోసినచోట నిజమైంది.

1830ల కరువు, 1839 ఉప్పెన ఈ నేలను చితకగొట్టాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద ఊళ్లకు ఊళ్లు వరిమళ్లయ్యాయి. ఇవాళ ఆ ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. నీళ్లతో డబ్బు వచ్చింది, ఆ వెనకే చదువు మీద ఆశ వచ్చింది. 1850లలో సబ్ కలెక్టర్ టేలర్ నరసాపురంలోనూ, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లోనూ బడులు పెట్టించాడు. చుట్టుపక్కల రైతులు మా ఊళ్లకూ కావాలన్నారు. ఖర్చు కోసం శిస్తుతోపాటు కొంత అదనంగా కడతామని తామే ఒప్పుకున్నారు. సర్కారు వేయకముందే రైతులు తమ మీద తాము చదువు పన్ను వేసుకున్నారన్నమాట. డెల్టా గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది, ఎందుకో ఎవరూ పెద్దగా తలుచుకోరు. నరసాపురంలో టేలర్ పేరిట హైస్కూలు ఇప్పటికీ నడుస్తోంది. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి తెరిచారు.

అయితే శిస్తు కట్టాలంటే భూమి ఉండాలి. భూమి లేనివాళ్లు ఆ లెక్కలోకే రాలేదు. పాలేరుకు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని మాట అయిపోయేది. కొడుక్కి గొడ్లను తోలే వయసు రాగానే వాడూ అదే కామందు దొడ్లో చేరేవాడు. ఊళ్లో బడి ఉన్నా అంటరానితనం గుమ్మం దాటనిచ్చేది కాదు. ఒకవేళ దాటనిచ్చినా ఆ పిల్లవాడి పూట గింజలు ఎవరిస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు కాకినాడలో దొరికింది. 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలనూ, దళిత విద్యార్థులనూ కాలేజీలో చేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. పిఠాపురం మహారాజా అండతో దళిత విద్యార్థులకు హాస్టల్ నడిపించారు. ఆ తర్వాత నూరేళ్లలో ఈ జిల్లాల్లో పేదింటి నుంచి పైకొచ్చినవాళ్ల కథలు వినండి, ఎక్కడో ఒకచోట హాస్టల్ మాట రాకుండా ఉండదు. పలచటి చారు, నేల మీద చాప, పది మందికి ఒక దీపం. అయినా కడుపుకి పూట గడిచేది, పొలం నుంచి పిలుపు వచ్చేది కాదు.

మామిడికుదురులో 1911లో దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న తన ‘పాలేరు’ నాటకంలో చదివించింది ఈ పిల్లవాణ్నే. పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. చూసే తల్లిదండ్రులకు అది కల్పనలా కాక, మనవాడికీ ఒక దారి ఉందన్న కబురులా అందింది. 1944లో దళిత విద్యార్థుల పైచదువులకు కేంద్ర స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి లా చదివి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు.

భీమవరంలో 1945లో, నరసాపురంలో 1949లో కాలేజీలు వచ్చాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2003 నుంచి బడుల్లో మధ్యాహ్నం వేడి అన్నం పెడుతున్నారు. ఈ చివరి రెండింటినీ సంక్షేమం ఖాతాలో రాస్తారు గానీ, నా లెక్కలో అవి చదువు పద్దులే. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత పశ్చిమ గోదావరిలో 74 శాతం, తూర్పున 71. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.

మరి అదే 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని క్రాప్ హాలిడే ప్రకటించారు, అంటే ఆ కారు వరి వేయబోమన్నారు. వరి మానేసి చేపల చెరువులు తవ్విన చోట ఊడ్పులూ లేవు, కోతలూ లేవు, ఆడకూలీలకు పని లేదు. వాళ్లలో ఎందరో కువైట్‌కూ, మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్లారు. ఆ జీతం పిల్లల ఫీజుగా ఇంగ్లీషు మీడియం బడికి చేరుతుంది. ఒకప్పుడు హాస్టల్ మోసిన బరువును ఇప్పుడు ఎక్కడో పరాయి వంటింట్లో ఒక తల్లి మోస్తోంది. ఇక్కడ సర్కారు కాలేజీకి కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే డిగ్రీ పూర్తయిన పిల్ల సర్టిఫికెట్ కాలేజీ బీరువాలోనే ఉండిపోతుంది, ఉద్యోగం గడువు దాటిపోతుంది.

దూరం సంగతి కూడా చెప్పాలి. 2022లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపారు. ఆ ఉత్తర్వు తర్వాత రద్దయింది. మెట్ట ప్రాంతంలో కిలోమీటరంటే నడక. నది మధ్య దీవులైన లంకల్లో కిలోమీటరంటే మధ్యలో ఒక పాయ ఉండొచ్చు. 2018 జూలైలో పశువుల్లంక రేవు దగ్గర, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలున్న నాటు పడవ గోదావరిలో బోల్తా పడింది. వరద ఉధృతికి అది వెళ్లి గుద్దుకున్నది, కట్టడం పూర్తికాని వంతెన స్తంభాన్ని.