ఎండిపోని బంక

మే నెల మధ్యాహ్నం విజయవాడ ఆటోనగర్‌లో ఎండకు నిలబెట్టిన కారు బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పాత స్టిక్కర్ పీకాలనుకునేవాడికి ఆ వేడి వరం. ఈ సంగతి నాకు తెలిసేసరికి మా మావయ్య స్కూటర్ ముందు మడ్‌గార్డ్ పాడైపోయింది.

బండి మీద అతికించే రంగు షీటు ఏదైనా మనం 'రేడియం' అనే అంటాం. అందులో రేడియం అనే మూలకం ఏమీ ఉండదు. లైటు పడితే మెరిసే రకంలో సన్నటి గాజుపూసలో, పట్టకాల్లాంటి చెక్కడాలో ఉంటాయి. మామూలు రకం రంగు కలిపిన పీవీసీ పొర. ఇంట్లో నీళ్ల పైపు కూడా పీవీసీయే కదా, మరి ఇది గుడ్డలా ఎలా వంగుతుంది? అందులో కలిపే ప్లాస్టిసైజర్లనే నూనెలాంటి పదార్థాల వల్ల. ఏళ్లు గడిచేకొద్దీ అవి కొంచెం కొంచెంగా బయటికి పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పీవీసీ అణువుల గొలుసుల్ని తెంపుతుంటాయి. అందుకే పాత స్టిక్కర్ ఒక్క ముక్కగా రాదు. ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి పెంకులు పెంకులుగా ఊడుతుంది.

కింద ఉన్న బంక కథ వేరు. గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురులో నీళ్లు ఆరిపోతే అది గట్టిపడి పట్టుకుంటుంది. స్టిక్కర్ బంక అలా ఆరి పట్టుకునేది కాదు. అది సగం ద్రవం, సగం రబ్బరు. వేలితో నొక్కగానే పెయింట్ మీద కంటికి కనపడని గుంటల్లోకి పాకుతుంది. అణువులు అంత దగ్గరికి చేరాక, విడిగా చూస్తే చాలా బలహీనమైన ఆకర్షణే కోట్ల చోట్ల కలిసి గట్టి పట్టవుతుంది. అంటించాక కూడా ఆ పాకడం కొనసాగుతుంది. నిన్న వేసిన స్టిక్కర్ గోటికి లేచి, పదేళ్ల నాటిది మొండికేసేది ఇందుకే.

విచిత్రం ఏమిటంటే, పెయింట్ పాడవకుండా ఊడే టేపు కోసం వెతుకులాట మొదలైందే కార్ల షెడ్లలో. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు ఫ్యాషన్. ఒక రంగు వేసి, దాన్ని కాగితంతో కప్పి, రెండోది వేసేవారు. కాగితం తీసేటప్పుడు కింది రంగు కూడా లేచి వచ్చేది. త్రీఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ ఆ పెయింటర్ల అవస్థ చూసి 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు.

ఇక వేడి సంగతి. వేడెక్కితే బంక మెత్తబడుతుంది, బిరుసెక్కిన పీవీసీ కూడా కాస్త వంగుతుంది. ఎండ లేకపోతే హెయిర్ డ్రయ్యర్ చాలు. కానీ మరీ వేడెక్కితే బంక తీగపాకంలా సాగి మధ్యకు తెగుతుంది, సగం స్టిక్కర్‌తో వస్తుంది, సగం బండి మీదే ఉండిపోతుంది. గోరువెచ్చకి పైన, చెయ్యి కాలేదానికి కింద, ఆ మధ్యలో పట్టుకోవాలి. అంచు లేపాక పైకి నిట్టనిలువుగా లాగకండి, పెయింట్‌ని కూడా లేపే లాగుడు అది. వెనక్కి మడిచి, బాడీకి దగ్గరగా ఉంచి లాగాలి. బ్లేడు జోలికి వద్దు. పాత ఏటీఎం కార్డు అంచు చాలు.

మిగిలిన బంకకి మన వంటింట్లోనే జవాబుంది. పనసకాయ కోసేముందు చేతులకి నూనె రాసుకుంటాం, ఎందుకంటే పనసపాలు నీళ్లకి లొంగవు, నూనెకి లొంగుతాయి. స్టిక్కర్ బంక కూడా అంతే. నీడలో కొబ్బరినూనె పట్టించి అరగంట వదిలేస్తే బంక ఉబ్బి, వేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తుంది. తర్వాత షాంపూ నీళ్లతో కడిగేయాలి.

మేము ఆ ఓపిక పట్టలేదు. ఒక షెడ్డులో ఇస్తే థిన్నర్ గుడ్డతో రుద్దారు. స్కూటర్ పక్కనుండే ఉబ్బెత్తు మూత, అదే డోమ్, దాని మీద బంక శుభ్రంగా పోయింది, పెయింట్ చెక్కుచెదరలేదు. అదే గుడ్డ మడ్‌గార్డ్ మీద పెట్టగానే రంగు ముడతలు పడి గుడ్డకి అంటుకొచ్చింది. ఆ మడ్‌గార్డ్‌కి ఎప్పుడో యాక్సిడెంట్ అయితే మళ్లీ రంగు వేయించారట. ఫ్యాక్టరీలో రంగు వేశాక ఓవెన్‌లో కాలుస్తారు, అణువులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఉడికిన గుడ్డుని నీళ్లలో వేసినా మళ్లీ కరగదు, అలాగన్నమాట. షెడ్డులో గాలికి ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ బెల్లం అచ్చు లాంటిది. చూడటానికి గట్టిగా ఉంటుంది, తగిన ద్రవం తగిలితే మళ్లీ పాకమే. అందుకే ఏది వాడినా ముందు సీటు కింద, కనపడని మూల ఒక చుక్క వేసి చూడాలి.

స్టిక్కర్ పోయినా దాని నీడ మిగులుతుంది. చుట్టూ పెయింట్ ఎండకి వెలిసిపోయి, స్టిక్కర్ కింద మాత్రం కొత్త రంగు దాగి ఉంటుంది. రబ్బింగ్ కాంపౌండ్‌తో చుట్టుపక్కల పై పొరని అరగదీసి రంగు కలుపుతారు. కారు పెయింట్ పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త ఎక్కువ. అందులో ఎండని తట్టుకునే పైపొర 40 మైక్రాన్లు ఉంటే గొప్ప. అది ఒకసారి అరిగితే తిరిగి రాదు. మా స్కూటర్ డోమ్ మీద రెండు చేతులు పాలిష్ పట్టి ఆపేశాం. పక్కకి వంగి చూస్తే అక్షరాల నీడ ఇంకా కనపడుతుంది.