పిలిస్తే పలుకుతున్నాడుగా, చెవులకేమైంది?

నేను క్యాన్సర్ డాక్టర్ని కాదు, ఆడియాలజిస్టుని. రాజమండ్రిలో చెవి పరీక్షలు చేస్తుంటాను. హెపటోబ్లాస్టోమా అనే పిల్లల లివర్ క్యాన్సర్‌కి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించబోయే పిల్లల్ని చెవి పరీక్షకి కీమో మొదలవక ముందే తీసుకురావాలి. ఎక్కువమంది అంతా అయిపోయిన ఏడాదికి వస్తారు. ఎందుకింత ఆలస్యం అంటే అందరిదీ ఒకటే మాట: "పిలిస్తే పలుకుతున్నాడండీ!"

ఈ మాట విని విని విసుగొచ్చింది. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మయితే స్టీలు కంచం, గరిట సంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. మూడేళ్ల మనవడి వెనక నిలబడి ఠంగుమనిపించింది. వాడు తిరిగాడు. "చూశారా డాక్టరమ్మా?" అంది. చూశాను. ఏ శబ్దం ఎంత వినిపిస్తుందో చూపే గీత, ఆడియోగ్రామ్ కూడా చూశాను. మోటు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది, నాలుగు వేల హెర్ట్జ్ దాటాక జారిపోయింది.

సిస్‌ప్లాటిన్ ముందు దెబ్బతీసేది లోపలి చెవిలో సన్నటి శబ్దాలు పట్టే కణాల్ని. అవి మళ్లీ పుట్టవు. అందుకే రేవులో పంటు ఇంజను వినిపిస్తుంది, పిచుకల కిచకిచ వినిపించదు. అమ్మ పిలుపు వినిపిస్తుంది, ఆ మాటలో ఉన్న 'స', 'శ' వినిపించవు. ఆ అబ్బాయి 'పూస'ని 'పూ' అనేవాడు. "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అని ఇంట్లో సరిపెట్టుకున్నారు.

మా నాన్నగారు ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేశారు. ఆయనకీ ఇలాగే సన్నటి శబ్దాలు పోయాయి. కానీ ఆయనకి భాష ముందే వచ్చు కాబట్టి వినపడని అక్షరాన్ని ఊహతో పూరించుకునేవారు. ఈ లివర్ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది మూడేళ్లలోపు వాళ్లకి. వాళ్లు దేంతో పూరించుకుంటారు?

"చెవికి విరుగుడిస్తే క్యాన్సర్ మందు పనిచెయ్యదట" అనేది ఇంకో పుకారు. ఈ క్యాన్సర్ మీద జరిగిన సయోపెల్ 6 ట్రయల్లో స్టాండర్డ్ రిస్క్ (ముప్పు తక్కువున్న) పిల్లల్లో కొందరికి, సిస్‌ప్లాటిన్ అయిన ఆరు గంటలకి సోడియం థయోసల్ఫేట్ అనే విరుగుడు ఎక్కించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. విరుగుడు లేనివాళ్లలో 63 శాతం మందికి వినికిడి తగ్గితే, ఇచ్చినవాళ్లలో 33 శాతానికే తగ్గింది. మూడేళ్లకి బతికున్నవాళ్లు 92 శాతం, 98 శాతం. రెండో అంకె విరుగుడు తీసుకున్నవాళ్లది! కిటుకంతా ఆ ఆరు గంటల ఎడంలో ఉంది. అయితే ఇది వేరే అవయవాలకి పాకిన క్యాన్సర్ సంగతి కాదు. మీ పిల్లకి పనికొస్తుందో లేదో ఆంకాలజిస్టునే అడగండి. ఇచ్చినా ముగ్గురిలో ఒకరికి దెబ్బ తగిలిందిగా, కాబట్టి పరీక్ష మానొద్దు.

"ట్రయల్ అంటే మా పిల్లాడి మీద ప్రయోగమా?" అని అడిగే తల్లి భయం నాకర్థమవుతుంది. సంతకం పెట్టాక కూడా వద్దనుకుంటే బయటికి రావచ్చు, మామూలు వైద్యం ఆగదు. 2009లో వచ్చిన సయోపెల్ 3 ఫలితాలే చూడండి. స్టాండర్డ్ రిస్క్ పిల్లలకి సిస్‌ప్లాటిన్ ఒక్కటిచ్చినా, గుండెకి చేటు చేసే డాక్సోరుబిసిన్ కలిపిచ్చినా ఫలితం దాదాపు ఒకటే. మందు తగ్గించారంటే ఆశ వదులుకున్నట్టు కాదన్నమాట. అలాగని ఏఎఫ్‌పీ (క్యాన్సర్ జోరు చూపే రక్తపరీక్ష అంకె) పడిపోయింది కదా అని మిగతా కీమో సైకిళ్లు మీ అంతట మీరు మానేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

లివర్‌లో గడ్డ ఉన్న భాగం కోసేస్తే బతకడని కొందరంటారు. మిగిలిన ముక్క పెరుగుతుంది. తండ్రి తాగుడు వల్ల బిడ్డ లివర్‌కి వచ్చిందంటారు, అదీ కాదు. వినికిడి మిషను పెడితే చెవులు ఇంకా పాడవుతాయా? పాడవవు. నాయనమ్మని దీనికి ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

బుడ్డోళ్లకి, వాళ్లు జవాబు చెప్పక్కర్లేని ఓఏఈ, బెరా అనే చెవి పరీక్షలు చేస్తాం, నొప్పేమీ ఉండదు. కీమోకి ముందొకసారి, మధ్యమధ్యలో, అయిపోయాక కూడా కొన్నేళ్లు రండి. డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకోండి, సిస్‌ప్లాటిన్ మొత్తం డోసు ఎంతో నాకు కావాలి. కంచం, గరిట అక్కర్లేదు.