స్కేట్ పార్క్‌కి కౌన్సిల్ తలూపింది, తర్వాతేంటి? అపోహలు - వాస్తవాలు

స్కేట్ పార్క్‌లు, అంటే స్కేట్‌బోర్డు ఆడుకునేందుకు వాలులు, వంపులు, గొయ్యిలతో కట్టే పార్క్‌లు, డిజైన్ చేసి కట్టించడం నా వృత్తి. కాంక్రీటు పని అనుకుంటారు అందరూ. కానీ సగం రోజులు కౌన్సిల్ సమావేశాల్లో వెనక వరస కుర్చీలో కూర్చుని, మా అంశం ఎప్పుడొస్తుందా అని చూడటంతోనే గడిచిపోతాయి. అక్కడ తరచూ వినిపించే మాటలు కొన్ని రాస్తున్నాను. పార్క్ వద్దనేవాళ్లకే కాదు, కావాలని తిరిగేవాళ్లకూ అపోహలుంటాయి. పనికి ఎక్కువ చేటు చేసేది ఈ రెండో రకమే.

అపోహ: కౌన్సిల్ మద్దతిచ్చింది, ఇక పార్క్ వచ్చినట్టే.

తీర్మానం కాపీ తెప్పించుకుని చదవండి. "సూత్రప్రాయంగా అంగీకరించడమైనది" అని ఉంటే, మాకు అభ్యంతరం లేదన్నారంతే. మేం కడతామని ఎవరూ అనలేదు. కాపీ చేతికి రాగానే నేను వెతికేవి నాలుగు. స్థలం హద్దులతో సహా రాశారా? డబ్బు ఏ పద్దు నుంచి? కట్టాక చూసుకోవాల్సిన విభాగం ఏది? గడువు ఎప్పటికి? వీటిలో ఏది లేకపోయినా ఆ కాగితం ఫైల్లోనే పడి ఉంటుంది. ఈలోగా ఎన్నికలొస్తాయి, మనకు మాటిచ్చిన సభ్యుడు మారిపోతాడు, కొత్తాయనకి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

స్థలం ఇచ్చారని సంబరపడేముందు కింద ఏముందో కూడా చూడాలి. బౌల్ అంటే మనిషి లోతు గొయ్యి. తవ్వితే మురుగు గొట్టమో నీటి ఊటో బయటపడితే లోపలికి దిగే డిజైన్‌ని పైకి లేపాలి, చుట్టూ మట్టి నింపి గుట్టలా కట్టాలి. అంచనా మొత్తం తిరగరాయాల్సిందే. అందుకే మట్టి పరీక్ష, భూగర్భ లైన్ల మ్యాపు లేకుండా నేను గీత కూడా గీయను.

ఒక చోట పార్క్ కావాలని అర్జీ పట్టుకొచ్చిన కుర్రాడికి అప్పుడు పదమూడేళ్లు. ప్రారంభోత్సవానికి బండి నడుపుకుంటూ వచ్చాడు. అదేమీ మరీ ఆలస్యమైన పని కాదు, మా లెక్కలో.

అపోహ: రోడ్లు, కాలిబాటలు వేసే కాంట్రాక్టరు ఇదీ వేసేస్తాడు. కాంక్రీటే కదా.

ఈ ఒక్క అపోహ మింగేసిన డబ్బు ఇంకేదీ మింగలేదు.

వీధి ఆటకి వాడే స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం యాభై మిల్లీమీటర్లకి కాస్త అటూఇటూ. రాయిలా గట్టిగా ఉంటుంది. కందిగింజంత గులకరాయి అడ్డొస్తే చాలు, బోర్డు అక్కడే ఆగుతుంది, మనిషి ముందుకెళ్లిపోతాడు. కాలిబాట మీద జారకుండా చీపురుతో గీతలు పెడతారు చూడండి, అది నడిచేవాళ్లకి మంచిది, మాకు శత్రువు. మాకు ఇనుప తాపీతో మళ్లీ మళ్లీ తోమి నున్నగా చేసిన తలం కావాలి. అలాగని అద్దంలా మెరిసినా జారుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో మేస్త్రీ చేతికే తెలుస్తుంది.

వంపుల దగ్గర ఇంకా కష్టం. నిలువుగా లేచే గోడ మీద మామూలు కాంక్రీటు నిలవదు, కిందికి జారిపోతుంది. అందుకని గొట్టంతో ఒత్తిడి మీద చిమ్ముతారు. దాన్నే షాట్‌క్రీట్ అంటారు. చిమ్మిన వెంటనే, ఆ వ్యాసార్ధానికే కోసిన చెక్క మూసని ఆనించి గీరుతూ వంపు తెస్తారు. అది గట్టిపడేలోపు, చేతిలో ఉన్న కొద్ది గంటల్లోనే అంతా అయిపోవాలి. పై అంచున కోపింగ్ అనే ఇనుప గొట్టం ఉంటుంది, వ్యాసం దాదాపు 60 మిల్లీమీటర్లు. అది గోడ ముఖం కన్నా ఓ నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు రావాలి. అసలు రాకపోతే ట్రక్కుకి, అంటే బోర్డు కింద చక్రాల్ని పట్టి ఉంచే ఇరుసుకి, పట్టు దొరకదు. మరీ ఎక్కువైతే దిగేటప్పుడు చక్రాలు తగులుకుని బోర్లా పడతారు. ఇదంతా రోడ్డు టెండరు పత్రంలో ఎక్కడుంటుంది?

తక్కువ ధర పాడినవాడికే పని ఇవ్వాలన్న నిబంధన ఉన్నచోట నేను ఒక్కటే అడుగుతాను: ఇంతకుముందు కట్టిన స్కేట్ పార్క్‌లు చూపించాలన్న షరతు టెండర్లోనే పెట్టండి. పెట్టనిచోట ఒకసారి నన్ను మరమ్మతుకి పిలిచారు. రెండు వాలులు ఎదురెదురుగా, మధ్యలో చదును కేవలం మూడడుగులు. ఒకటి దిగి నిలదొక్కుకునేలోపే రెండోది ముఖాన తగులుతుంది. దానికి మరమ్మతు లేదు, పగలగొట్టాల్సిందే.

పాత టెన్నిస్ కోర్టులో రెడీమేడ్ ర్యాంపులు దించేయడం దీనికి తమ్ముడు లాంటిది. కేటలాగులో ఒక్కో ముక్కా బాగానే ఉంటుంది. ఒక ముక్క నుంచి ఇంకోదానికి వేగం పోకుండా ఎలా వెళ్తారన్నది కేటలాగులో ఉండదు. మేం డ్రాయింగుకి ముందు పిల్లల ముందు బంకమట్టి పెడతాం. ఒకసారి ఓ అమ్మాయి తను చేసిన బొమ్మ మీద వేలితో దారి గీస్తూ వచ్చి ఒక మూల ఆగిపోయింది. "ఇక్కడ కాలితో తన్నాల్సొస్తుంది" అంది. అంటే అక్కడ వేగం చచ్చిపోతుందన్నమాట. నా డ్రాయింగులోనూ ఆ మూలే తప్పు.

అపోహ: ఎవరికీ ఇబ్బంది లేకుండా ఊరి చివర పెడదాం.

ఇది రాజీలా కనిపిస్తుంది కాబట్టి అందరూ తలూపుతారు. చివరికి బస్సు పోనిచోట, దీపం లేనిచోట పార్క్ కడతారు. చిన్నపిల్లల్ని తల్లిదండ్రులు పంపరు. ఆడపిల్లలు చీకటి పడకముందే వెళ్లిపోతారు. మిగిలేది ఎవరో మీరే ఊహించుకోండి. ఆ తర్వాత "చూశారా, చెప్పాంగా" అంటారు. పార్క్ పదిమంది నడిచే దారి పక్కన, బెంచీలు, నీళ్లు, మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి. రోడ్డు మీద వెళ్లేవాళ్లకి లోపలేం జరుగుతోందో కనబడాలి. నా అనుభవంలో పోలీసు గస్తీ కన్నా ఓ బామ్మగారు బెంచీ మీద కూర్చుని చూడటమే ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: చప్పుడు భరించలేం.

చప్పుడు ఉంటుంది. లేదని చెప్పి పని కానిచ్చుకునే డిజైనర్లని నమ్మకండి. అయితే జనం గుర్తుంచుకున్న ఆ ఢాంఢాం చెక్క ర్యాంపులదీ, ఇనుప రేకులదీ. వాటి కింద డొల్ల కాబట్టి మద్దెలలా మోగుతాయి. నేలకి అతికి ఉన్న కాంక్రీటు అలా మోగదు. వినపడేది చక్రాల గరగర, బోర్డు తోక నేలకి తగిలే టక్కుమనే చప్పుడు. అది ఆగి ఆగి వస్తుంది కాబట్టి ట్రాఫిక్ హోరు కన్నా చెవికి గుచ్చుకుంటుంది, నిజమే. ఇళ్లకి తగినంత దూరం ఉంచడం, మట్టికట్ట వేయడం, రాత్రి ఫలానా వేళకి దీపాలు ఆర్పేయడం పనికొస్తాయి. ఒక వరస చెట్లు నాటితే కంటికి బాగుంటుందే గానీ చప్పుడు పెద్దగా తగ్గదు.

అపోహ: దెబ్బ తగిలితే కౌన్సిల్ మీద కేసు పడుతుంది.

పడతారు, దెబ్బలు తగులుతాయి. కానీ పార్క్ లేనంత మాత్రాన బోర్డులు అటకెక్కవు. మెట్ల మీదా, కార్ల మధ్యా ఆడతారు. బాధ్యత సంగతి ఒక్కో దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా 1990ల చివర్లో స్కేట్‌బోర్డింగ్‌ని ప్రమాదం ఉందని తెలిసి ఆడే ఆటల జాబితాలో చేర్చి, స్థానిక సంస్థల బాధ్యతని పరిమితం చేసింది. ఆ తర్వాతే అక్కడ ప్రభుత్వ పార్క్‌లు జోరందుకున్నాయి. యూరప్‌లో ఈఎన్ 14974 అనే భద్రతా ప్రమాణం ఉంది. ఎక్కడైనా కౌన్సిల్‌ని కాపాడేది ఒక్కటే: ప్రమాణాలకి తగ్గట్టు కట్టి, క్రమం తప్పకుండా తనిఖీ చేసి, ఆ తేదీలు రిజిస్టర్‌లో రాసుకోవడం.

అపోహ: ఇదంతా నాలుగు రోజుల మోజు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని అల్బానీలో 1976లో కట్టిన స్నేక్ రన్ (పాములా మెలికలు తిరిగే కాంక్రీటు దారి) మీద ఇప్పటికీ పిల్లలు జారుతున్నారు. లండన్ శివారు హార్న్‌చర్చ్‌లోని రోమ్ అనే స్కేట్ పార్క్ 1978 నాటిది. 2014లో దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో అయితే 1990లో స్కేటర్లే అనుమతి అడక్కుండా బర్న్‌సైడ్ వంతెన కింద కాంక్రీటు పోసుకోవడం మొదలుపెట్టారు. నగరం తర్వాత ఒప్పుకుంది. అందరూ అలా చేయండని నేను అనను, నా లైసెన్సు పోతుంది.

అపోహ: మగపిల్లల ఆట, అదీ పోకిరీలది.

టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ మహిళల స్ట్రీట్ (వీధి ఆట) విభాగం స్వర్ణం గెలిచిన మోమిజీ నిషియాకి అప్పటికి పదమూడేళ్లు. చక్రాల కుర్చీతో బౌల్‌లోకి దిగేవాళ్లున్నారు. ఆరోన్ ఫోథరింగ్‌హామ్ 2006లో చక్రాల కుర్చీలోనే గాల్లో వెనక్కి పల్టీ కొట్టాడు. దానికి కుర్చీ పట్టే దారీ, పైన వేదిక మీద చోటూ ఉండాలి. అది డిజైన్ చేసేవాడి బాధ్యత.

అపోహ: కడితే అయిపోయింది, తర్వాత ఖర్చేముంది?

చెక్కతో పోలిస్తే కాంక్రీటు మరమ్మతు చాలా తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. కీళ్లలో నింపిన జిగురు ఎండి రాలిపోతుంది. బోర్డుతో ఎక్కి జారే లెడ్జ్ అనే దిమ్మె అంచు పెచ్చులూడుతుంది. బౌల్ అడుగున ఉండే నీటి జాలీ ఆకులతో మూసుకుపోతే మర్నాటికి అదో చెరువు. ఏటా కొంత సొమ్ము నిర్వహణ పద్దులో రాయమని అడుగుతాను. అందరూ ఒప్పుకుంటారు, బడ్జెట్ కోత వచ్చినప్పుడు మొదట ఎగిరేదీ అదే. ఒకచోట అంచనాలో చివరి వరసలో చీపుర్లు రాస్తే, నవ్వి కొట్టేశారు. ఈమధ్య అటుగా వెళ్తూ ఆగి చూశాను. కంచెకి ఆనించి రెండు చీపుర్లున్నాయి, ఒకదాని పిడికి, బోర్డు మీద కాలు జారకుండా అంటించే గరుకు గ్రిప్ టేపు చుట్టి ఉంది.