లుఫీ టోపీ, తంజిరో గళ్లు, నా కత్తెర

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. కాస్‌ప్లే, అంటే అనిమే, కామిక్స్ పాత్రల వేషాలు, చేద్దామనుకున్నామని, రెడీమేడ్ డ్రెస్సుల ధరలు చూసి గుండె గుభేలుమందని రాశారు. చేతిలో ఉన్నదేమో పాకెట్ మనీ, మనసు పడ్డదేమో కవచాలూ రెక్కలూ ఉన్న పాత్ర మీద! అందుకే ఈ పెద్ద ఉత్తరం. తీరిగ్గా చదవండి.

ఈ వేషాల పిచ్చి మీతోనే మొదలైందనుకోకండి. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి ప్రపంచ సభ జరిగింది. ఫారెస్ట్ అకర్‌మన్ అనే కుర్రాడు దానికి భవిష్యత్తు మనిషి వేషంలో వెళ్లాడు. ఆ బట్టలు కుట్టింది అతని స్నేహితురాలు మర్టిల్ డగ్లస్. మొరోజో అనేవాళ్లు ఆమెని. తనకీ ఒక జత కుట్టుకుని వేసుకెళ్లింది. కాస్‌ప్లే అన్న మాట చాలా తర్వాత వచ్చింది. 1983లో జపాన్‌లో నొబుయుకి తకహాషి ఒక అనిమే (జపాన్ యానిమేషన్) పత్రికలో రాస్తూ, కాస్ట్యూమ్‌నీ ప్లేనీ కత్తిరించి అతికించాడు. పేరు పెట్టినాయన గొప్పవాడే, కాదనను. కానీ మిషన్ తొక్కి బతికినదాన్ని, నా ఓటు మొరోజోకే.

సరే, పనిలోకి వద్దాం. మీకు నచ్చిన పాత్ర బొమ్మ ఎదురుగా పెట్టుకుని, కళ్లు సగం మూసి చూడండి. ఆ మసకలో కూడా ఏవి కనిపిస్తున్నాయో అవే ఆ పాత్ర. ‘వన్ పీస్’లోని లుఫీ అంటే ఎర్ర పట్టీ ఉన్న గడ్డి టోపీ, ఎర్ర చొక్కా, నీలం నిక్కరు, ఎడమ కంటి కింద గాటు. ‘డెత్ నోట్’లోని డిటెక్టివ్ ఎల్ అంటే వదులుగా వేలాడే తెల్ల ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, జీన్సు, రేగిన నల్ల జుట్టు, కళ్ల కింద నలుపు. ‘కికీస్ డెలివరీ సర్వీస్’ సినిమాలోని మంత్రగత్తె పిల్ల కికి అంటే ముదురు రంగు గౌను, తల మీద పెద్ద ఎర్ర రిబ్బను, చేతిలో చీపురు. వీళ్లలో ఎవరికీ కవచం లేదు చూడండి. సగం సామాను మీ బీరువాలోనే ఉంటుంది, మిగతాది అన్నయ్య బీరువాలో ఉంటుంది. మొదటిసారికి ఇలాంటి పాత్రనే పట్టుకోండి. రెక్కలవాళ్లు ఎక్కడికీ పోరు.

ఎల్ వేసేవాళ్లకి ఒక మాట. టీషర్టు ఎవరికైనా ఉంటుంది. కుర్చీ మీద మోకాళ్లు పైకి ముడుచుకుని గొంతుక్కూర్చుంటేనే అది ఎల్ అవుతుంది. అద్దం ముందు పది నిమిషాలు ఆ కూర్చోవడం, ఆ వంగిన నడుం సాధన చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది చేయరు.

ఇక డబ్బు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం తలకే పెట్టండి. ఎవరైనా ముందు చూసేది మొహాన్నీ జుట్టునీ. మీ సొంత జుట్టు సరిపోతే ఆ ఖర్చు కూడా మిగిలినట్టే. విగ్గు కొనాల్సి వస్తే అది వేడి తట్టుకునే రకమేనా అని అడిగి మరీ కొనండి. నేను అడక్కుండా కొన్నాను, ఇంటికొచ్చి స్ట్రెయిట్‌నర్ పెట్టాను. జుట్టంతా కరిగి బబుల్‌గమ్‌లా ప్లేట్లకి అంటుకుంది. విగ్గూ పోయింది, స్ట్రెయిట్‌నరూ పోయింది. ఇప్పుడు వెనక వైపు లోపలి నుంచి నాలుగు పోగులు తీసి వాటి మీద ముందు వేడి పెట్టి చూస్తాను.

విగ్గు ముందు జుట్టు కత్తిరించేటప్పుడు తల మీద పెట్టుకునే కత్తిరించండి. బల్ల మీద పెట్టి కోస్తే పొడవు తప్పుతుంది. కత్తెరని నిలువుగా పట్టుకుని కొసలు కొద్దికొద్దిగా తీయాలి. అడ్డంగా ఒక్క వేటు వేశారా, కొబ్బరి చిప్ప బోర్లించినట్టు ఉంటుంది. మీకు కావలసిన దానికంటే రెండు వేళ్లు ఎక్కువే ఉంచి ఆపండి. విగ్గు జుట్టు మళ్లీ పెరగదు.

చిన్నవాడు ‘డీమన్ స్లేయర్’లోని తంజిరోనే కావాలని పట్టుబట్టాడు కదా, వాడికి ఆ పచ్చ-నలుపు గళ్ల హావొరి, అంటే పైన వేసుకునే జపాన్ వదులు కోటు, కుట్టడం ఎలాగో చెప్తాను. హావొరి చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ అదంతా నలుచదరపు ముక్కలే. చంకల దగ్గర వంపులు, ఒంటికి అమరేలా మడిచి కుట్టే డార్టులు లేవు. మొదటిసారి మిషన్ ఎక్కేవాళ్లకి ఇంతకంటే మంచి బట్ట దొరకదు. గళ్ల గుడ్డ వెతుక్కుంటూ తిరగొద్దు. సాదా పచ్చ నూలు గుడ్డ తీసుకుని నల్ల గళ్లు మీరే వేయండి.

గుడ్డని ముందు ఉతికి ఆరేయాలి. కొత్త గుడ్డకి ఉన్న గంజి రంగుని పట్టనివ్వదు, పైగా తర్వాత ఉతికితే కుంచించుకుపోతుంది. గడి ఎంత పెద్దది ఉండాలి అంటారా? బొమ్మలో తంజిరో వీపు మీద అడ్డంగా ఎన్ని గళ్లు పడ్డాయో లెక్కపెట్టండి. మీ వాడి వీపు కొలిచి ఆ సంఖ్యతో భాగించండి. పెద్దవాళ్ల కొలతతో వేస్తే పిల్లాడి మీద రెండు గళ్లే కనిపించి చదరంగం బల్ల కప్పుకున్నట్టు ఉంటుంది. ముక్కలు కోసి, కుట్టకముందే పెన్సిల్‌తో గీతలు గీయండి. ఒక వరస వదిలి ఒక వరస, గడి చుట్టూ టేపు అంటించండి. కింద ప్లాస్టిక్ షీటు పరచండి. ఫ్యాబ్రిక్ పెయింట్‌ని స్పాంజితో, టేపు మీద మొదలుపెట్టి గడి లోపలికి అద్దుతూ రండి. స్పాంజి దాదాపు పొడిగా ఉండాలి. నేను తొందరపడి బ్రష్షుతో చిక్కగా పూస్తే రంగు టేపు కిందకి పాకి గళ్లకి మీసాలొచ్చాయి. రంగు పచ్చిగా ఉండగానే టేపు మెల్లగా లాగేయండి. ఆ వరసలు ఆరాక మిగతావి. అంతా ఎండిన మర్నాడు తిరగేసి, సీసా మీద రాసినట్టు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

కత్తులూ కవచాలూ వచ్చే ఏడాది సంగతి. అయినా ఆగరని తెలుసు కాబట్టి రెండు ముక్కలు. పిల్లల గదిలో ఒకదానికొకటి తగిలించి పరిచే ఫోమ్ మ్యాట్లు ఉంటాయి కదా, చాలావరకు ఈవీఏ అనే మెత్తటి ఫోమే, కవచాలకి పనికొచ్చేది అదే. పాతవి ఉంటే పారేయకండి. కోసే ముందు అట్టముక్కతో నమూనా చేసి ఒంటికి పెట్టి చూడండి. కాంటాక్ట్ గమ్ రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక అప్పుడు అతకాలి. దాని వాసన తల తిప్పుతుంది, మంట దగ్గరుంటే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉండగా చేయండి. ఫోమ్ రంగుని తాగేస్తుంది, అందుకని ముందు తెల్ల జిగురు రెండు మూడు పూతలు వేయాలి. ఇనప కత్తి జోలికి మాత్రం వెళ్లొద్దు, చాలా ఈవెంట్లలో గేటు దగ్గరే ఆపేస్తారు.

రెండు విషయాల్లో మాత్రం నేను ఒప్పుకోను. కంటి డాక్టర్ చూడకుండా రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవద్దు. కొలత సరిపోని లెన్సు కార్నియాని, అంటే కంటి ముందున్న పారదర్శక పొరని, గీరుతుంది, ఇన్ఫెక్షన్ వస్తే చూపుకే ముప్పు. బొమ్మలో కళ్లు ఎర్రగా ఉంటే ఉండనివ్వండి, కాటుక దిద్దుకుంటే చాలు. రెండోది, పాత్ర తెల్లగా ఉందని మొహానికి తెల్ల పౌడర్లు దట్టించకండి. ఈ ఒంటి రంగుతోనే లుఫీ అవ్వచ్చు, కికి అవ్వచ్చు. ఎవరైనా నవ్వితే వాళ్ల కళ్లజోడు మార్చుకోమనండి.

వేసుకెళ్లే ముందు ఇంట్లో రెండు గంటలు ఆ వేషంలోనే తిరగండి. మెట్లెక్కండి, కూర్చోండి, బాత్రూమ్‌కి వెళ్లి రండి. ఎక్కడ లాగుతుందో, ఎక్కడ ఊడుతుందో అప్పుడే తెలుస్తుంది. అక్కడ పిన్నీసులు, సూదీదారం, డబుల్ టేపు ఒక చిన్న సంచిలో వెంట ఉండాలి. వేషం బాగుందని ఎవరి మీదా చేయి వేయకండి, ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి. మిమ్మల్ని అడక్కుండా తీస్తే వద్దని చెప్పడానికి మొహమాటపడకండి.

చిన్నవాడి కొలతలు రాసి పంపండి: మెడ నుంచి మోకాలి దాకా, చేతులు రెండూ చాపితే మణికట్టు నుంచి మణికట్టు దాకా, వీపు వెడల్పు. ముక్కలు కోసి పంపిస్తాను, గళ్లు మీరే వేసుకోండి. పార్సిల్లో నా గుడ్డల కత్తెర కూడా పెడుతున్నాను. దాంతో అట్టగానీ ఫోమ్ గానీ కోశారని తెలిసిందో, విగ్గుతో సహా మీ జుట్టు కూడా నా చేతుల్లోనే.

ఇట్లు,
మీ పెద్దమ్మ