అక్క కాల్చేది పావురాలను కాదు

చిరంజీవులు ముగ్గురికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నది ఏడుపు ముఖం పెట్టి, "అక్క పావురాలను చంపుతోందా తాతయ్యా?" అని అడిగింది. అప్పుడు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. లేదమ్మా. అక్క ఆడేది గాల్లోకి ఎగిరే బిళ్ళలను తుపాకితో కాల్చే ఆట, దాన్ని ట్రాప్ అంటారు. ఒకప్పుడు నిజంగానే బతికున్న పావురాలను వదిలి కాల్చేవారు. ఆ తర్వాత గాజు గోళాలు ఎగరేశారు. 1880లో సిన్సినాటి ఊరివాడు జార్జ్ లిగోస్కీ మట్టి బిళ్ళలు చేశాడు. ఇప్పటి బిళ్ళల్లో మట్టి కూడా లేదు. సున్నపురాయి పొడి, తారు లాంటి పిచ్ కలిపి అరచేతి వెడల్పున పోత పోస్తారు. అయినా వాటిని 'క్లే పిజన్', అంటే మట్టి పావురం, అనే పిలుస్తారు. పేరులో మాత్రం పావురం మిగిలిపోయింది.

మేముండే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బడిపిల్లలకు ఈ ఆటలో పెద్ద లీగ్ ఉంది. మీ అక్క ఆడేది అందులోనే. ఐదుగురు ఒక వరుసలో నిలబడతారు. ముందు 15 మీటర్ల దూరంలో చిన్న గుంటగది, అందులో బిళ్ళలు విసిరే యంత్రం ఉంటాయి. వంతు వచ్చినవాళ్లు "పుల్" అని అరిస్తే గంటకు 67 కిలోమీటర్ల వేగంతో బిళ్ళ లేస్తుంది. ఎడమకా, కుడికా, నేరుగానా అన్నది ముందు తెలియదు. ఒక్కొక్కరూ ఐదు చోట్లూ మారుతూ, ఒక్కో చోటు నుంచి ఐదు, మొత్తం 25 బిళ్ళలు కాల్చాలి. వారానికి అలాంటివి రెండు రౌండ్లు, ఐదు వారాల పోటీ. ఏప్రిల్‌లో ఇక్కడ ఇంకా మంచు పడుతూనే ఉంటుంది. గాలికి బిళ్ళ ఉన్నట్టుండి పైకి లేస్తుంది, లేదా కిందికి కుంగుతుంది. అలాంటి రోజున అక్కకు 50కి 31 వచ్చాయి. చివరి వారం 43.

నిజం చెబుతాను, తుపాకి అనగానే నాకు గుండె గుభేలుమంది. ఈ దేశంలో బడుల్లో ఏం జరుగుతోందో మీరూ వార్తల్లో వింటున్నారు. అందుకే వాళ్లు కాల్చే మైదానానికి, అంటే రేంజ్‌కి వెళ్లి మూడు గంటలు కూర్చుని చూశాను. తుపాకి బడిలోకి రాదు, రేంజ్‌కి వస్తుందంతే. భద్రత పాఠం చదివి పరీక్ష పాస్ కాకుండా ఎవరినీ జట్టులోకి రానివ్వరు. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ లేకుండా వరుసలో నిలబడనివ్వరు. చోటు మారేటప్పుడు తుపాకి ఖాళీగా, తెరిచి ఉండాలి. తన వంతు వచ్చాక ఒక్కటే తూటా పెట్టుకోవాలి. ఓ కుర్రాడు మాటల్లో పడి తుపాకి మూసి నడవబోతే కోచ్ మొత్తం ఆట ఆపేశారు. అరవలేదు, ఆపారు. ఆ నిశ్శబ్దం చూశాక నా భయం సగం తగ్గింది.

నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. ఈ పోటీలో ఎదుటి జట్టు కనిపించదు. ఎవరి ఊరి రేంజ్‌లో వాళ్లు కాల్చి స్కోర్లు పంపుతారు, లీగ్ వాటిని పోల్చి స్థానాలు చెబుతుంది. "మరి ఎక్కువ రాసుకుంటే?" అని అడిగాను. అక్క వింతగా చూసింది. ఆ రోజే ఒక సంగతి జరిగింది. బిళ్ళ నుంచి కంటికి కనిపించే ముక్క ఒక్కటైనా రాలితేనే తగిలినట్టు, ఊరికే దుమ్ము లేస్తే లెక్కలోకి రాదు. అక్క పక్కనున్న అబ్బాయి కాల్చాడు, దుమ్ము లేచింది, స్కోరు రాసే ఆయన తగిలిందన్నారు. వాడు వెనక్కి తిరిగి, "ముక్క పడలేదండీ, పొడి మాత్రమే" అన్నాడు. ఒక పాయింట్ పోయింది. జట్టులో ఎవరూ వాణ్ని ఏమీ అనలేదు. తర్వాతి బిళ్ళకు వాడు "పుల్" అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

ఇది మనకు పరాయి ఆటేం కాదు. మన హైదరాబాద్‌కు చెందిన షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కాంస్యం, జట్టుతో స్వర్ణం గెలిచాడు. నాన్ననడిగి ఆ వీడియో చూడండి, అక్క ఏం చేస్తుందో ఇట్టే అర్థమవుతుంది.

జూన్‌లో అలెగ్జాండ్రియా అనే ఊళ్లో రాష్ట్రం నలుమూలల నుంచి వేలమంది పిల్లలు చేరి కాలుస్తారు. మేమూ వెళుతున్నాం. అక్క రోజూ అద్దం ముందు నిలబడి ఖాళీ చేతులతో భుజం కదలిక సాధన చేస్తోంది. వచ్చేటప్పుడు ఒక పగలని బిళ్ళ తెస్తాను. నారింజ రంగుది కావాలా, నల్లదా? ముగ్గురూ మాట్లాడుకుని ఆదివారం ఫోన్‌లో చెప్పండి.

మీ తాతయ్య